మూడో గుండీ

చిరంజీవి పిట్టకి,

నాన్న దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం నా అలవాటు. ఈసారి చూసుకుంటే అందరం అంటే నేనొక్కణ్ణే. నేను క్షేమం. మీ కొండ మీద చలి కాస్త తగ్గిందని, నీ దగ్గు పూర్తిగా పోయిందని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. రెండుసార్లు చదివాను. ఫోన్లో నేను ఊఁ కొట్టడం తప్ప మాట్లాడనని, కాగితం మీదైతే తప్పించుకోలేనని రాశావు. మూడు సంగతులు అడిగావు. చివరి రోజు ఏం జరిగిందో పొద్దున్నించి వరసగా చెప్పమన్నావు. వేళకి తింటున్నానా అన్నావు. అమ్మ ఇటుకరంగు స్వెటర్ బీరువాలో లేదు, తలుపు వెనక కొక్కేనికీ లేదు, వెతికి పంపమన్నావు. ఆ వరసలోనే జవాబు రాస్తాను.

ఆ రోజు గురువారం. ఆస్పత్రి కుర్చీలో నాకు ఆరింటికి మెలకువ వచ్చింది. మీ అమ్మ అప్పటికే లేచి ఉంది. "మీ గురకకి పక్క గదివాళ్లు వచ్చి చూసి వెళ్లారు" అంది. పక్క గది ఖాళీ. ఏడింటికి నర్సమ్మ వచ్చి నాడి చూసింది. ఎనిమిదికి మీ అమ్మ నాలుగు చెంచాల జావ తాగింది, ఐదోది వద్దంది. తొమ్మిదిన్నరకి పెద్ద డాక్టరు వచ్చి కాలివాపు నొక్కి చూసి, నన్ను వరండాలోకి పిలిచి, గుండె అలిసిపోయింది, ఇక మందు కూడా దానికి బరువే అన్నాడు. ఎన్నాళ్లు అని అడిగాను. రోజుల్లో చెప్పలేను అన్నాడు. అంటే వారాలేమో అనుకున్నాను. ఆయన అన్నది అది కాదని సాయంత్రానికి తెలిసింది.

పదకొండింటికి మీ అమ్మ పనిచేసే లైబ్రరీ నుంచి ఇద్దరు వచ్చారు. తను లేక పాత పత్రికల గదిలో ఏదీ దొరకడం లేదని చెప్పారు. ఆ మాటకి సంతోషించింది. మధ్యాహ్నం గంటసేపు నిద్రపోయింది. మూడింటికి లేచి చలిగా ఉందంది. దుప్పటి కప్పాను, రెండోది అడిగి తెచ్చి అదీ కప్పాను. మూడున్నరకి ఒక ఫోన్ చెయ్యడానికి బయటికి వెళ్లి పది నిమిషాల్లో వచ్చాను. తర్వాత పెద్దగా మాట్లాడలేదు. నా చెయ్యి పట్టుకుంది. ఐదూ ఇరవైకి నర్సమ్మ నా భుజం మీద చెయ్యి వేస్తే గాని నాకు తెలియలేదు. బాధపడలేదు. నీకు ఫోన్ చేశాను. ఆరూ నలభైకి షూటింగ్ కారు వస్తే వెనక్కి పంపేశాను. అంతే.

తిండి సంగతి. పొద్దున్న ఇంట్లో, మధ్యాహ్నం షూటింగ్ భోజనం, సాయంత్రం మళ్లీ ఇంట్లో. అన్నం రెండుసార్లు మాడింది, మూడోసారి నుంచి గడియారం పెట్టుకుంటున్నాను. పైవాటాలో ఉండే టీచరమ్మ గిన్నెతో ఏదో ఒకటి పంపుతుంది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళితే మళ్లీ నింపి ఇస్తుంది, అందుకని ఆవిడ బడికి వెళ్లాక గుమ్మంలో పెట్టి వస్తున్నాను. వంటింటి కుళాయికి కొత్త వాషర్ వేశాను. లైబ్రరీవాళ్లు అమ్మ సొరుగులోవి తెచ్చిచ్చారు. కళ్లజోడు పెట్టె, చిన్న కత్తెర, పిప్పరమెంట్లు, నీ పదో తరగతి ఫొటో. తాళాల గుత్తి మాత్రం ఇంట్లో ఉందేమో చూడమన్నారు. తాళాలు ఉండేది స్వెటర్ కుడి జేబులో అని నీకూ తెలుసు. కాబట్టి మూడో సంగతికి వచ్చాను.

స్వెటర్ ఎక్కడుందో తెలుసు. నాకు మూడడుగుల దూరంలో, హ్యాంగరుకి వేలాడుతోంది. ఈరోజు ఆదివారం, షూటింగ్ లేదు. కాస్ట్యూమ్ గదిలో ఇస్త్రీ బల్ల మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. నీకు పంపలేను. ఎందుకో చెప్పాలంటే నా పని గురించి కాస్త చెప్పాలి.

నీ మూడో తరగతిలో మీ నాన్న ఏం చేస్తారని బళ్లో అడిగితే, టీవీ వాళ్ల బట్టలు మురికి చేస్తారు అని చెప్పావట. మీ అమ్మ ఆ మాట ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పింది. నేను చిన్నబుచ్చుకున్నాను గాని, ఆలోచిస్తే నా పనిని అంత సరిగ్గా ఇంకెవరూ చెప్పలేదు.

ఒక పాత్రకి బట్టలు ఎంచాలంటే నేను ముందు దుకాణానికి వెళ్లను. ఒక తెల్లకాగితం మీద ఆ మనిషి బీరువా రాసుకుంటాను. లోపల ఎన్ని జతలు, అందులో తనే కొనుక్కున్నవి ఎన్ని, ఒకరిచ్చినవి ఎన్ని, బిగుతైపోయినా పారెయ్యనివి ఏవి, నచ్చకపోయినా ఇచ్చినవాళ్లు వచ్చినప్పుడు వేసుకునేది ఏది. అది అయ్యాకే రంగులు. టీవీ కెమెరాకి దాని పేచీలు దానికి ఉన్నాయి. సన్న గీతలు చీమల్లా పాకినట్టు కనిపిస్తాయి. మరీ తెలుపైతే మొహం నల్లబడుతుంది. నలుపులో మడత తెలియదు. పైగా చూసేవాళ్లు వంటింట్లోంచి తల తిప్పి ఒక్క క్షణం చూసినా, వచ్చింది ఎవరో రంగుని బట్టి పోల్చుకోవాలి. అందుకని మనిషికో రంగు కేటాయిస్తాం.

ఇప్పుడు చేస్తున్న సీరియల్లో ముఖ్యమైన పాత్ర ఒక తల్లి. మాటామాటా వచ్చి కొడుకు ఇల్లు వదిలి పోయాడు. ఆవిడ ఫోన్ పక్కన కూర్చుని ఎదురుచూస్తుంది. కథంతా అదే. నీకు సీరియళ్లు పడవు, నువ్వు పనిచేసే కొండ మీది కేంద్రంలో టీవీ కూడా లేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఆవిడ బీరువాలో నాలుగు జతలు, ఒక స్వెటర్, ఒక జత చెప్పులు రాశాను. రోజుకో కొత్త జత వెయ్యాల్సిందేనని చానెల్ వాళ్లు పట్టుబట్టారు. ఆడవాళ్లు సీరియల్ చూసేదే కొత్త బట్టల కోసమన్నారు. కొడుకు కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తున్న మనిషి పూటకో బట్ట మార్చదు అన్నాను. అదే స్వెటర్ రోజూ కనిపించాలి, కొన్నాళ్లకి చూసేవాళ్లు ఆవిడ కంటే ముందు స్వెటర్‌ని గుర్తుపట్టాలి అన్నాను. డైరెక్టరు నా వైపు నిలబడ్డాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో చానెల్ మీద నేను గెలిచింది ఆ ఒక్కసారే.

స్వెటర్ ఇటుకరంగులో ఉండాలనుకున్నాం. సెట్టులో గోడలు పాచిరంగు. వాటి ముందు ఇటుకరంగు అరవకుండానే కనిపిస్తుంది. దుకాణాల్లో ఆరు కొన్నాను. మోచేతులు గరుకు కాగితంతో రుద్దాను, తేయాకు నీళ్లలో నానబెట్టాను, జేబులో రాళ్లు వేసి వారం వేలాడదీశాను. కెమెరా ముందు పెడితే ఆరూ నాటకం బట్టల్లాగే ఉన్నాయి. పాతవి అయ్యాయి గాని ఎవరివీ కాలేదు.

అప్పుడు ఎండాకాలం. మీ అమ్మ స్వెటర్ తలుపు వెనక ఉంది. మర్నాడు కెమెరా పరీక్ష. అడక్కుండా సంచిలో పెట్టుకుని వెళ్లాను. సాయంత్రం మళ్లీ కొక్కేనికి తగిలిద్దామనుకున్నాను. ఆ పరీక్ష కోసం తాళాల గుత్తి కూడా జేబులోనే ఉంచాను, జేబు సాగి ఉండేది ఆ బరువుకే కాబట్టి.

వేసుకోగానే తల్లి పాత్ర వేసే నటి భుజాలు దిగాయి. చెయ్యి దానంతటదే కుడి జేబులోకి వెళ్లింది. ఎడమ చేతి అంచు రెండు వేళ్ల మేర వేరే ఛాయలో ఉండడం డైరెక్టరు చూశాడు. ఊలు సరిపోక వేరేది కలిపి అల్లినట్టుంది, ఇది మీకెలా తట్టింది మాస్టారూ అన్నాడు. నాకు తట్టలేదు. నీ మొదటి చలికాలం టోపీ విప్పి ఆ ఊలుతో మీ అమ్మ అల్లిన అంచు అది. ఆ మాట చెప్పాల్సిన చోటు అదే. అందరూ మెచ్చుకుంటున్నారు. చిన్న వివరం సార్ అన్నాను.

ఒకసారి ప్రసారమైన బట్ట ఇక మన మాట వినదు. మా పనిలో దాన్ని కంటిన్యుటీ అంటారు. ఇంట్లో మొదలైన సీను వీధిలో అయిపోవచ్చు. ఇల్లు ఈరోజు తీస్తాం, వీధి వచ్చే నెల తీస్తాం. చూసేవాళ్లకి అది ఒకటే నిమిషం. మడత దగ్గర్నుంచి మరక దాకా అలాగే ఉండాలి. దీనికోసం ఒక అమ్మాయి ఉంది, డేగ అంటాం. నన్ను బాబాయ్ అని పిలుస్తుంది. కళ్లలో ఒత్తులు వేసుకుని కూర్చుంటుంది, ప్రతి షాటుకీ ఫొటో తీసి పుస్తకంలో అంటిస్తుంది. ఆ పని నేర్పింది నేనే. బట్ట ఎప్పుడూ అబద్ధం చెప్పకూడదని మొదటి రోజు చెప్పాను. ఇప్పటికీ కొత్తవాళ్లకి ఆ మాటే చెబుతుంది.

ఇంకో నియమం ఉంది. ముఖ్యపాత్ర వేసుకునే ప్రతిదానికీ అచ్చం అలాంటి జత ఉండాలి. వాన సీనుకి ఒకటి, రక్తం సీనుకి ఒకటి, దగ్గరి షాట్లకి ఒకటి. జత లేకుండా ఒక్క బట్ట మీద సీరియల్ నడపడం మా పనిలో ఎవరూ చెయ్యని తప్పు. నేను చేశాను. జత చేయించడం మొదలుపెడితే అది ఎక్కడిదని అడుగుతారు. ఇవాళా రేపా అని నెలలు గడిపేశాను.

మీ అమ్మ చలికాలం మొదట్లో అడిగింది. మోచేతులు మాట్లు వేయించడానికి డ్రైక్లీనింగ్‌లో ఇచ్చానన్నాను. తాళాలు ఎక్కడో పారేసుకున్నాననుకుని ఎండాకాలం నుంచీ లైబ్రరీలో ఇంకొకరివి వాడుకుంటోంది. మరి తాళాలూ అందులోనేనా అంది. జేబులోనే ఉండిపోయాయి, వాళ్లు జాగ్రత్తగానే పెట్టి ఉంటారులే అన్నాను. పదిహేను రోజుల తర్వాత మళ్లీ అడిగింది. చీటీ పోయిందన్నాను. "మీ చేతిలో చీటీ పోవడమా" అంది. ఆ చలికాలమంతా పాత శాలువా కప్పుకుని లైబ్రరీకి వెళ్లింది, తాళాలకి నకళ్లు చేయించుకుంది. సీరియల్ వచ్చేది ఏడున్నరకి. తను ఇంటికొచ్చేది ఎనిమిదింటికి. పైగా టీవీ అంటే తనకి పడదు. ఆ ధైర్యంతో ఉన్నాను.

స్వెటర్ మూడో గుండీ సంగతి కూడా చెప్పాలి. ఫోన్ కోసం ఎదురుచూసే సీన్లలో ఆ నటి స్వెటర్ మూడో గుండీని వేళ్లతో తిప్పుతుంది. ఎవరూ చెప్పలేదు, తనకే వచ్చింది. తిప్పి తిప్పి అది వదులైంది. ఒకరోజు నేను సూది తీస్తే డేగ చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు బాబాయ్, మొన్న దగ్గరి షాట్లో రెండు పోగుల మీద ఉంది. ఇక అలాగే ఉండాలి." నిజమే. అందుకని కంటికి కనిపించని చేపల గాలం దారంతో వెనకనుంచి కట్టాను. ఊడినట్టు కనిపించాలి, ఊడకూడదు. రోజూ పొద్దున్న ఆ గుండీని అంతే వదులుగా పెట్టడం నా మొదటి పని అయింది.

ఇప్పుడు చివరి రోజు గురించి పైన నేను రాయనిది రాస్తాను. మూడింటికి చలిగా ఉందన్నాక, దుప్పట్లు రెండూ కప్పాక, మీ అమ్మ ఇలా అంది.

"నా స్వెటర్ తెస్తారా?"

చీటీ ఇంకా దొరకలేదని చెప్పాను. ఆ స్థితిలో కూడా అదే చెప్పాను పిట్టా.

మీ అమ్మ కాసేపు పైకప్పు చూసింది. తర్వాత అంది. "మూడో గుండీ ఊడిపోయేలా ఉంది. ఆవిడ ఊరికే దాన్నే తిప్పుతోంది. కుట్టండి."

ఎప్పట్నించి చూస్తున్నావని అడిగాను. ఇక్కడికి వచ్చిన మొదటి రోజు నుంచీ అంది. ఏడున్నరకి నేను టీ తాగడానికి కిందికి వెళ్తే నర్సమ్మ టీవీ పెట్టేదట. నేను మెట్లెక్కే చప్పుడు వినగానే ఆపేసేవాళ్లట. మూడు వారాలు. ఇద్దరికీ అదొక సరదా అయిపోయిందట.

"ముందే అడగొచ్చుగా" అన్నాను.

"అడిగితే మీరు తెచ్చేసేవారు. ఆ తల్లికి ఏం వేస్తారు మరి? కొడుకు ఇంకా రాలేదు కదా." కాస్త ఆగి, "ఆవిడకి భుజాలు వదులు. నాకే బాగుండేది" అంది.

ఊపిరి తీసుకుని మళ్లీ అంది. "ఇవాళ మాత్రం చలిగా ఉంది."

మూడున్నరకి నేను చేసిన ఫోన్ డేగకి. స్వెటర్ కావాలన్నాను, ఎందుకో చెప్పలేదు. సీను మధ్యలో ఉన్నాం బాబాయ్, ఆరింటికి అయిపోతుంది, కాగానే కారులో పంపిస్తాను అంది. సరే అన్నాను. సెట్టుకీ ఆస్పత్రికీ నలభై నిమిషాలు. షూటింగ్ ఆపండి, అది నా భార్యది, తను అడుగుతోంది అని ఒక్క మాట అంటే నాలుగున్నర లోపు వచ్చేది. నలభైమంది పనిచేస్తుంటే మధ్యలో ఆపమని నేను ఎన్నడూ అనలేదు. ఆ రోజూ అనలేదు. అలవాటు నా నోరు కట్టేసింది. వచ్చి మీ అమ్మకి ఏడు లోపే వస్తుందని చెప్పాను. సరే అని నా చెయ్యి పట్టుకుంది. అది ప్రేమ అని నీకు రాయాలని ఉంది. చలికి పట్టుకుందేమో కూడా.

ఆరూ నలభైకి వచ్చిన కారులో వచ్చింది స్వెటరే. వరండాలో నిలబడి సంచి విప్పాను. మొహానికి ఆనించుకున్నాను. నీ ఉత్తరంలో అమ్మ వాసన అని రాశావు. దానికి మేకప్ పౌడర్ వాసన ఉంది. గదిలోకి తీసుకెళ్లి కప్పుదామనుకున్నాను. మర్నాడు పొద్దున్న అదే స్వెటర్‌తో సీను ఉంది. మడిచి, గుండీ చూసుకుని, డ్రైవరు చేతికిచ్చాను. ఆ పూట నా బుర్రలో ఏముందో నాకే తెలియదు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి.

నువ్వు వచ్చిన వారం రోజులూ చెప్పాలనుకున్నాను. బీరువా ముందు నువ్వు నిలబడి వెతుకుతుంటే చూద్దాంలే అన్నాను. నీ మొహం చూసి చెప్పే ధైర్యం లేకపోయింది.

నువ్వు వెళ్లాక దాన్ని ఎలాగైనా తెచ్చేద్దామని, అల్లికలు అల్లే ఒకావిడ దగ్గర జత మొదలుపెట్టించాను. రంగు మూడు చోట్ల అద్దించాం. స్వెటర్ ఒంటి రంగు దాదాపు కుదిరింది. ఎడమ అంచు కుదర్లేదు. నువ్వు పుట్టిన ఏటి ఊలు, ముప్పై ఏళ్లు ఉతికిన ఊలు. ఏ రంగు వేసినా పక్కన పెడితే కొత్తదే. డేగ రెండూ కెమెరాలో చూసి తల అడ్డంగా ఊపింది. అప్పుడు తనకి చెప్పాను, అది ఎవరిదో. తను పుస్తకం మూసి బయటికి వెళ్లిపోయింది. కాసేపటికి వచ్చి, "ఆ రోజు ఫోన్లో చెప్పి ఉండాల్సింది బాబాయ్, నేనే ఆపేసేదాన్ని" అంది. ఎర్రబడ్డ కళ్లు దాచుకోవడానికి ఫొటోలు అంటిస్తూ కూర్చుంది.

గురువారం కొత్త సీన్లు వచ్చాయి. కొడుకు గొంతు ఫోన్లో విని ఆ తల్లి వీధిలోకి పరిగెత్తింది, బండి కింద పడింది. ఆ సీను శుక్రవారం తీశారు, నిన్న ప్రసారమైంది. ఎడమ చెయ్యి చక్రం కింద. తర్వాతిది ఆస్పత్రి సీను. డాక్టరు కత్తెర తీసుకుని ఎడమ చేతి అంచు దగ్గర్నుంచి భుజం దాకా స్వెటర్ కోస్తాడు. దగ్గరి షాటు. కొడుకు గుమ్మంలో నిలబడి ఆ స్వెటర్‌ని గుర్తుపడతాడు. చూసేవాళ్లు ఆవిడ కంటే ముందు స్వెటర్‌ని గుర్తుపట్టాలన్నది నా మాటే కదా. రచయిత ఆ మాట గుర్తుపెట్టుకుని రాశాడట. నన్ను పట్టుకుని మరీ చెప్పాడు.

శుక్రవారం సాయంత్రం డైరెక్టరుకి అంతా చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచాడు. మంచివాడు.

"ముందే చెప్పాల్సింది మాస్టారూ."

"ముందే చెబితే ఏం చేసేవారు?"

"ఇంకోటి వెతకమనేవాణ్ణి."

"ఇప్పుడు?"

ఆయన నేల చూశాడు. కుడి చెయ్యి కోయిద్దామా అన్నాడు, దెబ్బ ఎడమ చేతికని తనే గుర్తుచేసుకున్నాడు. కత్తెర చూపించి వదిలేద్దామా అన్నాడు, కొడుకు గుర్తుపట్టేదే కోసిన అంచు చూసి అని రచయిత చెప్పాడు. జత అంచుతో తీద్దామా అని డేగని అడిగాడు. డేగ పుస్తకం తెరిచి ముందు పెట్టింది. ఆ రోజు తీసిన బండి సీన్లో ఆ అంచు తెర నిండా ఉంది, అది అప్పటికే చానెల్‌కి వెళ్లిపోయింది. సీను మంగళవారం ప్రసారం, సోమవారం తియ్యకపోతే వెయ్యడానికి ఏమీ ఉండదు. ఇందులో ఎవర్నీ తప్పుపట్టలేను. చేతులు కట్టేసింది నా నియమాలే.

ఆ నటి నిన్న నా గదికి వచ్చింది. "నేను వేసుకోనని మొండికేస్తాను మాస్టారూ. నన్ను తిట్టుకుంటే తిట్టుకుంటారు" అంది. వద్దమ్మా అన్నాను. అన్నాక తెలిసింది, ఇది కూడా ఆ ఫోన్లో అన్న సరే లాంటిదే అని. మళ్లీ పిలుద్దామని గుమ్మం దాకా వెళ్లాను. నలభైమంది కనిపించారు. తిరిగొచ్చి కూర్చున్నాను. ఇది నేను మార్చుకోలేని గుణం. నువ్వు కోప్పడితే సబబే. కోప్పడుతూ ఉత్తరం రాయి, మానెయ్యకు.

కోసిన ముక్కలైనా పంపిస్తాననుకోకు. ప్రసారమైన బట్ట సీరియల్ అయ్యేదాకా పెట్టెలో ఉండాలి, ఎప్పుడు ఏ జ్ఞాపకం సీనుకి కావాలంటారో తెలియదు. సీరియల్ ఎప్పుడు అయిపోతుందని అడక్కు. రాసేవాడికే తెలియదు. అయిన రోజు మాత్రం ఆ ఎడమ అంచు, ఎలా మిగిలితే అలా, నేనే తీసుకుని మీ కొండ ఎక్కుతాను. అల్లికలావిడని అడిగాను. కత్తెర పడ్డ అల్లిక విప్పితే పొడుగు పోగు రాదట, జానెడు జానెడు ముక్కలే వస్తాయట. ముడులు వేసుకుంటూ టోపీ అల్లొచ్చా అంటే, పెద్దవాళ్ల తలకి చాలదంది. తాళాల గుత్తి నిన్న జేబులోంచి తీసి లైబ్రరీలో ఇచ్చి వచ్చాను. ఆ బరువుకి బదులు జేబులో రాళ్లు వేశాను. అమ్మ బల్ల దగ్గర కొత్తమ్మాయి కూర్చుంది. నేనెవరో చెప్పలేదు.

మీ అమ్మ నన్ను ఆ రోజు రెండు పనులు చెయ్యమంది. స్వెటర్ తెమ్మంది, గుండీ కుట్టమంది. మొదటిది చెయ్యలేదు.

మీ అమ్మ ఊలు డబ్బా అడుగున ఇటుకరంగు పోగు మూర పొడుగుది ఉంది. తను అల్లగా మిగిలిందే. తెచ్చాను. రేపు తెర మీద ఆ గుండీ వదులుగా వేలాడాలి, బండి కింద పడ్డ మనిషి గుండీ ఎవరూ కుట్టరు. నిన్నటి ఎపిసోడ్లో రెండు పోగుల మీద ఉన్నది మర్నిమిషం ఆస్పత్రిలో బిగుతుగా ఉంటే అది తప్పు. ముప్పై ఏళ్లలో తెలిసి చేసిన తప్పు నాకు ఒక్కటీ లేదు. డేగ చూస్తుంది. చూసి ఏమంటుందో నాకు తెలియదు. ఏమీ అనదేమో.

నువ్వు నెలాఖరున కిందికి దిగినప్పుడు ఎవరి ఫోన్లోనైనా మంగళవారం ఎపిసోడ్ పెట్టుకో. మిగతా కథ నీకు అక్కర్లేదు. కత్తెర ఎడమ చేతి మీదికి వచ్చినప్పుడు అటు చూడకు. పైనుంచి మూడో గుండీ చూడు.

షూటింగ్ ఏడింటికి. రేపు పొద్దున్న ఐదున్నరకి ఈ గదికి వస్తాను. గాలం దారం తెంపేస్తాను. మీ అమ్మ కుట్టినట్టే, నాలుగు కన్నాల్లోంచి అడ్డంగా నిలువుగా రెండేసిసార్లు పోనిచ్చి, వెనక ముడి వేసి, మూడో గుండీ కుట్టేస్తాను. తర్వాత స్వెటర్ వాళ్ల చేతికిస్తాను.

ఇట్లు,
మీ అమ్మ చెప్పిన రెండో పని ఇంకా మిగిలి ఉన్న
మీ నాన్న